చరియ దారిలో కూలీల బస

2025 ఫిబ్రవరి 27 సాయంత్రం చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన కేంద్రం ఒక హెచ్చరిక జారీ చేసింది. ఉత్తరాఖండ్‌లోని చమోలీ, ఉత్తరకాశీ, రుద్రప్రయాగ, పితోరాగఢ్, బాగేశ్వర్ జిల్లాల్లో 2,400 మీటర్ల ఎత్తు దాటిన చోట్ల 24 గంటల్లో మంచుచరియలు విరిగిపడవచ్చన్నది దాని సారాంశం. మాణా గ్రామం దాదాపు 3,200 మీటర్ల ఎత్తున ఉంది. మర్నాడు తెల్లవారుజామున, మాణాకు బదరీనాథ్‌కు నడుమ ఉన్న సరిహద్దు రహదారుల సంస్థ శిబిరం మీద చరియ పడింది. ఇనుప కంటైనర్లలో, ఒక షెడ్డులో ఉన్న 54 మంది కూలీలు దాని కింద చిక్కుకున్నారు. సైన్యం, ఐటీబీపీ, విపత్తు దళాలు 46 మందిని ప్రాణాలతో బయటికి తీశాయి. ఎనిమిది మంది మరణించారు.

ఆ తరువాత జరిగినదంతా అలవాటైన క్రతువే. హెలికాప్టర్ల దృశ్యాలు, ముఖ్యమంత్రి విహంగ వీక్షణం, ప్రధాని ఫోను, సంతాపాలు. ప్రతి ప్రకటనలోనూ ‘ప్రకృతి వైపరీత్యం’ అన్న మాట. చట్టం దృష్టిలో ఆ మాటకు ఒక ధర కూడా ఉంది: కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో మంచుచరియ ఒకటి, ప్రాణానికి నాలుగు లక్షల రూపాయలు. ఆ మాట పలికాక ఇంకో ప్రశ్న అడిగే అవసరం ఎవరికీ ఉండదు. కొండ కూలింది, దేవుడు చిన్నచూపు చూశాడు, మనుషులు చేయగలిగినదంతా చేశారు. కథ కంచికి.

ఆ కథలో అబద్ధం మొదటి వాక్యంలోనే ఉంది. మంచుచరియ గురించి గత వందేళ్లలో శాస్త్రం తెలుసుకున్నది చదివినవారెవరూ ‘వైపరీత్యం’ అన్న మాట దగ్గర ఆగిపోలేరు.

తెలుగు పత్రికల్లో ఈ వార్తకు ముందుగా దెబ్బతినేది భాషే. మంచు కురిస్తే ‘హిమపాతం’, కొండవాలు మీది మంచు తెగి మనుషుల్ని మింగినా ‘హిమపాతం’. ఒకే మాట రెంటికీ సరిపోవడంతో, కురవడం ఎంత సహజమో కూలడమూ అంతే సహజమన్న భావన పాఠకుడికి తెలియకుండానే అంటుకుంటుంది. నిజానికి కురవడం ఒక రాత్రి పని. కూలడం వెనుక చాలాసార్లు వారాల, నెలల చరిత్ర ఉంటుంది.

మనుషుల్ని ఎక్కువగా చంపేది పొడిమంచు జలజలా రాలే చరియ కాదు. గట్టిపడిన ఒక పొర, పెద్ద పలకలా, ఒక్కసారిగా తెగి జారేది. కడప నాపరాళ్లను ఏటవాలు నేల మీద, కింద చక్కెర చల్లి, దాని మీద పరిచినట్టు ఊహించుకోవాలి. పైరాయి గట్టిది. కింది నేల గట్టిది. మధ్యలో ఉన్న పలుకులకే ఒకదానితో ఒకటి పొత్తు లేదు. అంతా నిలిచి ఉన్నట్టే కనిపిస్తుంది. పలక చరియకు కావలసినవి ఈ మూడే: పైన బిగువైన పలక, దాని కింద బలహీనమైన పొర, జారడానికి తగినంత వాలు.

ఆ బలహీనపు పొర పుట్టే తీరు తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మంచు కప్పిన నేల దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. పైన గాలికి తగిలే మంచు రాత్రిపూట మైనస్ ఇరవైకి పోవచ్చు. అడుగు వెచ్చన, పైభాగం చలి. ఈ తేడా వల్ల కింది పొరల నుంచి నీటి ఆవిరి పైకి ప్రయాణిస్తుంది. దారిలో అది స్ఫటికాల రూపు మారుస్తుంది. గుండ్రంగా, ఒకదానికొకటి అతుక్కుని ఉన్న రేణువులు కోణాలు తేలి, విడివిడిగా, పంచదార పలుకుల్లా తయారవుతాయి. మందంలో ప్రతి పది సెంటీమీటర్లకు ఒక డిగ్రీ కన్నా ఎక్కువ తేడా ఉంటే ఈ మార్పు జోరందుకుంటుంది. కాబట్టి తక్కువ మంచు పడిన శీతాకాలాన్ని సురక్షితమైనదని భావించడం పొరపాటు. అదే చలి తక్కువ మందంలో సర్దుకోవాలి కనుక పలుచని మంచులోనే ఈ కుళ్లు వేగంగా పుడుతుంది. లద్దాఖ్, కారకోరం ప్రాంతాల్లో మంచు తక్కువ, చలి ఎక్కువ. అక్కడి మంచు అడుగున ఇటువంటి పొర తరచుగా ఉండటానికి కారణం ఇదే.

ఇంకొక రకం పొర మరీ అందమైనది. నిర్మలమైన ఆకాశం, గాలి లేని రాత్రి. మంచు ఉపరితలం మీద తుషారం ఈకల్లా మొలుస్తుంది. ఉదయం ఎండలో అది వజ్రాల్లా మెరుస్తుంది, పర్యాటకులు ఫొటోలు తీసుకుంటారు. దాని మీద మళ్లీ మంచు కురిస్తే ఆ ఈకలు అలాగే పూడిపోయి, నిలబెట్టిన పేకముక్కల్లా పైబరువు మోస్తూ వారాల తరబడి ఉంటాయి. ఎప్పుడు మడతపడాలో వాటికీ తెలియదు.

పలకను తయారుచేయడంలో గాలి పాత్ర మంచు కురవడం కన్నా తక్కువేమీ కాదు. శిఖరానికి ఒక వైపు నుంచి రేగిన మంచును గాలి ముక్కలు చేసి, రెండో వైపు వాలులో దట్టంగా పేరుస్తుంది. ఆకాశం నుంచి కురిసే వేగానికి ఎన్నో రెట్ల వేగంతో ఈ బరువు చేరగలదు. ఒక్క చినుకు మంచు పడని ఎండరోజున కూడా గాలిచాటు వాలు మీద టన్నుల కొద్దీ భారం ఎక్కుతూనే ఉంటుంది. ‘వాతావరణం బాగానే ఉంది’ అన్న నివేదికకు అర్థం లేకపోవడం అంటే ఇదే.

ఇక తెగడం. బలహీనపు పొరలో ఒకచోట, కొద్దిపాటి మేర, స్ఫటికాలు కుప్పకూలుతాయి. కుంగేది మిల్లీమీటర్లలోనే. అయితే పైనున్న పలక బిగువుగా ఉండటం వల్ల ఆ కుంగు పక్కకు పాకుతుంది. పలక వంగి, పక్కనున్న స్ఫటికాల మీద బరువు మోపుతుంది, అవీ కూలుతాయి. పగులు సెకనుకు పదుల మీటర్ల వేగంతో వాలంతా పరుగెడుతుంది. కొండల్లో తిరిగేవారికి ఆ క్షణంలో కాళ్ల కింద ‘వుమ్’ అని గాలి బయటికి పోయినట్టు ఒక శబ్దం వినిపిస్తుంది. చదును నేల మీద నడిచినవాడి అడుగుకు పైనున్న వాలు తెగిపడిన సందర్భాలున్నాయి. వాలు సుమారు ముప్పై డిగ్రీలు దాటితే పలక పైఅంచు గోడలా నిలువుగా తెగి, కిందిదంతా ముక్కలై జారుతుంది. ముప్పై నుంచి నలభై అయిదు డిగ్రీల మధ్యనే ఇది ఎక్కువ. అంతకన్నా నిట్టనిలువు కొండ మీద మంచు పేరుకోకముందే రాలిపోతుంది. చూడటానికి భయపెట్టని వాలే చంపుతుంది.

యాభై మీటర్ల వెడల్పు, ఎనభై మీటర్ల పొడవు, అర మీటరు మందం ఉన్న పలకను తీసుకుంటే రెండు వేల ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 250 కిలోల చొప్పున అయిదు వందల టన్నులు. కొండల లెక్కలో అది చిన్న పలకే. కొద్ది సెకన్లలో గంటకు ఎనభై కిలోమీటర్ల వేగం అందుకుంటుంది.

ఉత్తరకాశీ జిల్లాలోని ద్రౌపదీ కా డాండా శిఖరం దగ్గర 2022 అక్టోబరు 4న జరిగింది ఇదే. పర్వతారోహణ శిక్షణ సంస్థకు చెందిన బృందం పైకెక్కుతుండగా పలక తెగింది. అక్కడి హిమనదపు చీలికలోకి శిక్షణార్థులను, శిక్షకులను నెట్టేసింది. 29 మంది పోయారు. కొద్ది నెలల ముందే ఎవరెస్టు, మకాలు శిఖరాలను పదహారు రోజుల తేడాలో ఎక్కిన సవితా కన్స్వాల్ వారిలో ఒకరు. మంచును చదవడం నేర్పే చోటే మంచు వారిని నమ్మించి మోసం చేసింది.

పర్వతారోహకులు, స్కీ క్రీడాకారుల విషయంలో పాశ్చాత్య దేశాల గణాంకాలు ఒక కఠోర సత్యం చెబుతాయి. ప్రాణాంతకమైన చరియల్లో పదింట తొమ్మిదిని తెంచేది బాధితుడో, అతని బృందంలోని వారో. ఈ అంకెను మన అధికార వర్గాలు ఎంతో ఇష్టంగా వాడుకుంటాయి: పోయినవాడిదే తప్పు. సరదా కోసం కొండెక్కినవాడి విషయంలో ఆ మాటకు కొంత బలముంది. వాలును ఎంచుకున్నది అతనే. మాణాలో నిద్రపోతున్న కూలీ ఏ వాలునూ ఎంచుకోలేదు. అతని అడుగు ఏ పలకనూ తెంచలేదు. అతను ఎక్కడ పడుకోవాలో ఇంకొకరు నిర్ణయించారు. కాబట్టి మాణా గురించి అడగాల్సింది చరియ ఎందుకు పడిందని కాదు. అది పడే చోట మంచం ఎవరు వేశారని.

ఆ చోటు గురించి స్థానికులకు తెలియనిదేమీ లేదు. చలికాలం రాగానే బదరీనాథ్ ఆలయం తలుపులు మూసేస్తారు. ఉద్ధవుడు, కుబేరుడు పాండుకేశ్వర్‌కు, శంకరాచార్యుల గద్దె జ్యోతిర్మఠ్‌కు దిగుతాయి. మాణా భోటియా కుటుంబాలు తమ గొర్రెలతో, మగ్గాలతో తరతరాలుగా కింది ఊళ్లకు వలస పోతాయి. చలికాలంలో ఆ లోయలో ఉండకూడదని దేవుడికీ తెలుసు, ఊరికీ తెలుసు. 2022 అక్టోబరులో ప్రధాని మాణాకు వచ్చి, దీన్ని దేశపు చివరి గ్రామం అనరాదు, మొదటి గ్రామం అనాలన్నారు. ఆ తర్వాత బోర్డు మారింది. దేశపు మొదటి గ్రామంలో ఫిబ్రవరి నెలలో మిగిలింది సైనికులు, వారి దారిలో మంచు తొలగించడానికి బీహారు, ఉత్తరప్రదేశ్, హిమాచల్, జమ్మూ వంటి చోట్ల నుంచి వచ్చిన కూలీలు.

హెచ్చరిక ఇచ్చాం కదా అన్నది పాలకుల మొదటి సమాధానం. అయిదు జిల్లాలకు కలిపి ఇచ్చిన హెచ్చరిక ఒక శిబిరాన్ని రాత్రికి రాత్రి ఖాళీ చేయించదు. సాయంత్రం అయిదు గంటల తర్వాత, మంచు కురుస్తుండగా, 54 మంది ఎక్కడికి వెళ్లాలి? ఎవరి ఆజ్ఞతో? ఏ వాహనంలో? చండీగఢ్‌లో తయారైన కాగితానికి, మాణాలో కూలీ కప్పుకున్న దుప్పటికి మధ్య నిర్ణయాధికారం ఉన్న మనిషి ఒకడు ఉండాలి. స్విట్జర్లాండులో 1951 శీతాకాలంలో చరియలు 98 మందిని చంపాయి. ఆ దెబ్బ తరువాత ఆ దేశం చరియ దారుల పటాలు గీసి, ఎర్ర రంగు పూసిన చోట ఇల్లు కట్టడమే నిషేధించింది. అక్కడ రోజువారీ హెచ్చరిక ఆ పటం మీద ఆధారపడి నిలుస్తుంది. ఇక్కడ పటం చేయాల్సిన పనిని కూడా హెచ్చరికే చేయాలంటున్నారు.

ఏ గంటలో కూలుతుందో ఎవరు చెప్పగలరన్నది రెండో సమాధానం. నిజమే, చెప్పలేరు. కానీ ఏ దారిన వస్తుందో చెప్పగలరు. చరియ ప్రతి ఏడూ కొత్త దారి వెతుక్కోదు. అదే గండి, అదే కాలువ, అదే విసనకర్ర ఆకారంలో దిగువన పరుచుకునే శిథిలం. చెట్లు మొలవని ఆ చారను వేసవిలో కంటితో చూడవచ్చు. ఈ దేశంలో మంచు, చరియల అధ్యయనానికి మనాలిలో ప్రత్యేక సంస్థ 1969లోనే ఏర్పడింది. ఇప్పుడు చండీగఢ్‌లో ఉన్నది దాని వారసత్వమే. మనాలి–లేహ్ దారిలో చరియ స్థలాలకు సంఖ్యలు వేసి పెట్టుకున్నారు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే కొండచరియలు, మంచుచరియల మీద మార్గదర్శకాల గ్రంథం అచ్చువేసింది. ప్రమాద మండలాల పటాలు గీయాలన్నది అందులో ఉంది. రోహ్తాంగ్ కింద తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం, సోన్‌మర్గ్ దారిలో ఆరున్నర కిలోమీటర్ల సొరంగం తవ్వింది దేనికి? చరియ ఎక్కడ పడుతుందో తెలుసు గనుకనే. వాహనం విషయంలో తెలిసింది కూలీ విషయంలో తెలియకుండా పోతోంది.

పైగా ఇది మొదటిసారి కాదు. 2021 ఏప్రిల్ 23న ఇదే చమోలీ జిల్లాలో, నీతీ లోయలోని సుమ్నా దగ్గర, ఇదే సంస్థ కూలీల శిబిరం మీద చరియ పడింది. 384 మందిని రక్షించామని సైన్యం మర్నాడే ప్రకటించింది. ఆ అంకె ఎంత గొప్పగా కనిపించిందంటే, రోజులు గడిచేకొద్దీ పది దాటిన మృతుల అంకె దాని నీడలో కనబడకుండా పోయింది. నాలుగేళ్లు తిరగకముందే, అదే జిల్లా, అదే సంస్థ, అదే పని, అదే మరణం. ఒకసారి జరిగితే వైపరీత్యం అనవచ్చు. రెండోసారి దానికి పరిపాలన అని పేరు.

దేశ రక్షణ అన్నది మూడో సమాధానం. ఇది వినగానే చాలా నోళ్లు మూతపడతాయి. సరిహద్దుకు దారి కావాలి, దారిలో మంచు తీయాలి, తీయడానికి మనిషి కావాలి. కాదనేవారు లేరు. అయితే మనిషి పగలు ఎక్కడ పనిచేయాలన్నది వేరు, రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది వేరు. మొదటిది సరిహద్దు నిర్ణయిస్తుంది. రెండోదాన్ని సౌలభ్యం నిర్ణయించింది: పనికి దగ్గర, నది పక్కన, చదును. కొండల్లో ఆ చదును చాలాచోట్ల పాత చరియలు, వరదలు పరిచినదే.

ఇక చావు. ఇది రాయడానికి ఇబ్బందిగా ఉన్నా, రాయకపోతే సహాయక చర్యల ఆర్భాటం వెనుక ఉన్న లెక్క అర్థం కాదు. చరియ కదులుతున్నంతసేపు నీళ్లలా ఉంటుంది. ఆగిన మరుక్షణం సిమెంటులా బిగుస్తుంది. లోపలున్నవాడు వేలు కూడా కదపలేడు. పైన ఏదో, కింద ఏదో తెలియదు. మృతుల్లో నాలుగింట ఒక వంతు దెబ్బలతో పోతారు: రాళ్లకు తగిలి పగిలిన తల, విరిగిన మెడ, నలిగిన రొమ్ము. మిగతావారిలో అత్యధికులను చంపేది ఊపిరాడకపోవడం. మంచులో గాలి లేక కాదు, ఉంది. కానీ వదిలిన ఊపిరిలోని తేమ ముఖం ముందు గడ్డకట్టి మంచు ముసుగు తయారుచేస్తుంది. వదిలిన బొగ్గుపులుసు వాయువునే మళ్లీ పీల్చాల్సివస్తుంది. చలి చంపడం చాలా అరుదు, ఎందుకంటే చలికి అంత సమయం దొరకదు.

స్విట్జర్లాండులో నలభై ఏళ్ల ప్రమాదాలను లెక్కగట్టి 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పూర్తిగా కూరుకుపోయినవారిని మొదటి పది నిమిషాల్లో తీయగలిగితే పదిమందిలో తొమ్మిది మంది బతుకుతారు. అరగంట అయ్యేసరికి బతికేది ముగ్గురే. ఈ రెండు అంకెల పక్కన హెలికాప్టరును నిలబెట్టి చూడాలి. జ్యోతిర్మఠ్ నుంచి, డెహ్రాడూన్ నుంచి, ఏ ఉత్తమ దళమైనా పది నిమిషాల్లో మాణా చేరలేదు. ఆ ఉదయం మంచు కురుస్తూ హెలికాప్టరు ఎగిరే వీలే లేదు. పది నిమిషాల్లో తీయగలిగేది పక్కన ఉన్నవాడు ఒక్కడే. వాడికి కావలసినవి మూడు: కూరుకుపోయినవాడి ఒంటి మీది సంకేతాన్ని పట్టే చిన్న ట్రాన్సీవరు, మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ, పార. రోడ్డు కూలీ దగ్గర పార ఎలాగూ ఉంటుంది. మిగతా రెండూ ఎన్ని శిబిరాల్లో ఉన్నాయో పార్లమెంటులో ఒక్క సభ్యుడు అడిగితే చాలు.

మాణాలో 46 మంది బతకడానికి కారణం వీరగాథల్లో వెతకనక్కరలేదు. ఇనుప కంటైనరు. చరియ దాన్ని దొర్లించింది గానీ నలిపేయలేదు. లోపల గాలి మిగిలింది. నిమిషాల లెక్క గంటల లెక్కగా మారింది, సైనికులు చేరేదాకా ప్రాణం నిలిచింది. సైనికుల శ్రమను తక్కువ చేయడానికి కాదు ఈ మాట. వారికి ఆ గంటలు ఇచ్చింది గట్టి గోడ. గోడ గట్టిదైతే మనిషి బతుకుతాడని తెలిసిన సంస్థ, గట్టి చోటయితే అసలు కూరుకుపోడని కూడా తెలుసుకుని ఉండాలి.

వీరగాథ ఎంత సులువుగా ప్రశ్నను మింగుతుందో సియాచిన్ నేర్పింది. 2016 ఫిబ్రవరి 3న 19,600 అడుగుల ఎత్తున సోనమ్ పోస్టు మీద పడింది పలక చరియ కాదు, హిమనదపు మంచుగోడ. మద్రాస్ రెజిమెంటు సైనికులు పదిమంది దాని కింద పడ్డారు. వారిలో ఒకరు కర్నూలు జిల్లా పల్లె నుంచి వెళ్లిన సిపాయి. ఆరు రోజుల తర్వాత ధార్వాడ జిల్లాకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద ప్రాణాలతో దొరికాడు. దేశమంతా ప్రార్థనలు చేసింది. ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో ఆయన మరణించాడు. ఆ ఎనిమిది రోజుల్లో టీవీ తెరల మీద అద్భుతం గురించి వేల మాటలు దొర్లాయి. ఆ పోస్టు ఆ గోడ కింద ఎందుకుందన్న మాట వినిపించలేదు, అడిగినవాడు దేశద్రోహి అవుతాడు గనుక. ఆవలి వైపు కూడా తీరు ఇంతే. 2012 ఏప్రిల్ 7న గయారీలో పాకిస్తాన్ బెటాలియన్ స్థావరం మీద పడ్డ చరియ 140 మందిని పూడ్చింది. వారందరూ అక్కడ అమరులు. మంచు రెండు జెండాలనూ సమానంగా చూసింది, రెండు ప్రభుత్వాలూ మంచును ఒకేలా వాడుకున్నాయి.

సైనికుడికి కనీసం ఆ జెండా, ఆ తుపాకీ వందనం దక్కుతాయి. రోడ్డు కూలీకి అదీ లేదు. వాడి పేరు పట్టికలో సరిగా ఎక్కిందో లేదో కూడా చరియ పడ్డాకే తేలుతుంది. మాణాలో ఒక దశలో 55 మంది అన్నారు. ఒకరు ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయారని తర్వాత తెలిసి 54 అయింది. మంచులో లేని మనిషి కోసం మంచు తవ్విన గంటలు అవి. హాజరు పుస్తకం సరిగా ఉండటం కూడా ప్రాణరక్షణే అని చెప్పడానికి హిమశాస్త్రం అక్కరలేదు.

చలికాలపు బస ఎక్కడ వేయాలన్నది ఫిబ్రవరిలో తేలే విషయం కాదు. సెప్టెంబరులో, మంచు ఇంకా పడకముందు, కొండ గడ్డితో నున్నగా కనిపిస్తున్నప్పుడు, ఒక అధికారి ఆ చోటికి వచ్చి కొలతలు వేయిస్తాడు. పైనున్న వాలు ఎన్ని డిగ్రీలో, చెట్లు లేని చార ఎక్కడ ఆగిందో ఆ రోజు తలెత్తి చూస్తే తెలుస్తుంది. ఆ కాగితం మీద ఒక సంతకం ఉంటుంది. సుమ్నా శిబిరానికి ఉంది, మాణా శిబిరానికి ఉంది. ఆ రెండు కాగితాలను ప్రజల ముందు పెట్టమని అడగాలి, వచ్చే సెప్టెంబరు లోపే.